“ఆగిపోయిందండి” అంటే సరిపోదు



2018 ఫిబ్రవరి మధ్యలో ప్రపంచమంతటా ఐఫోన్లను ఒక తెలుగు అక్షరం పడగొట్టింది. చూడ్డానికి అది మన ‘జ్ఞా’ లాగానే ఉంటుంది. మనం జ్ఞానం, జ్ఞాపకం అని రోజూ రాసుకునే అక్షరంతో ఏ ఇబ్బందీ లేదు. జకారం, దాని కింద పొల్లు, తర్వాత ఞకారం, ఆ పక్కన కంటికి కనబడని ఒక విడదీత గుర్తు, చివర దీర్ఘం. ఈ వరసలో కోడ్లు పడితేనే ఫోను తట్టుకోలేకపోయేది. ఆ అక్షరమున్న సందేశం వస్తే సందేశాల యాప్ మూతబడేది. తెరిస్తే మళ్ళీ అదే అక్షరం ఎదురొచ్చి మళ్ళీ మూతబడేది. యాపిల్ వారి కంప్యూటర్లకూ, చేతి గడియారాలకూ అదే గతి పట్టింది. ఫిబ్రవరి 19న ఐఓఎస్ 11.2.6 విడుదలయ్యాక గాని గొడవ సద్దుమణగలేదు.

అక్షరం మనదే గాని తప్పు మనది కాదు. అక్షరాలను తెరమీద పేర్చే కోర్‌టెక్స్ట్ అనే భాగంలో ఉంది ఆ లోపం. అప్పట్లో మొజిల్లాలో పనిచేస్తున్న మనీష్ గొరెగావ్కర్ అనే ఇంజనీరు బయటినుంచే ఒక్కో కలయికా వేసి చూసి, ఇది తెలుగుతో ఆగలేదు, బెంగాలీలోనూ దేవనాగరిలోనూ కొన్ని కలయికలకు ఇలాగే పడిపోతోందని తేల్చారు. తెలుగువాళ్ళం అప్పుడు కాస్త నవ్వుకున్నాం, కాస్త గర్వపడ్డాం కూడా. మన అక్షరం ముందు అంత ఖరీదైన ఫోను నిలవలేదు కదా!

అది అంత తొందరగా తేలడానికి కారణం లోకమంతా గోలపెట్టడం. మరి గోల పుట్టని చోట?

మన యానాంలో మంగళవారం సంత రద్దీలో ఒక దుకాణంలో బిల్లింగ్ ప్రోగ్రాము ఆగిపోయిందనుకోండి. దుకాణదారు ఫోన్ చేసి ఏమంటాడు? “ఆగిపోయిందండి” అంటాడు. “ఏం నొక్కారండి?” అని అవతల కుర్రాడు అడిగితే, “ఏం నొక్కలేదండి, దానంతటదే ఆగిపోయింది” అంటాడు. “ఓసారి ఆపి మళ్ళీ వేయండి” అంటాడు కుర్రాడు. వేస్తే నడుస్తుంది. ఇద్దరూ హమ్మయ్య అనుకుంటారు. కాని ప్రోగ్రాము ఏ వరుస దగ్గర, ఏ విలువ చేతికొచ్చినప్పుడు పడిందో చెప్పగలిగిన సాక్ష్యమంతా ఆ ఆపి వేయడంలోనే తుడిచిపెట్టుకుపోయింది. పై మంగళవారం మళ్ళీ అదే కథ.

ఆ సాక్ష్యాన్ని పోకుండా పట్టి ఒకచోట చేర్చి, వేల ఫిర్యాదుల్లోంచి అసలు లోపాన్ని బయటికి తీసేదాన్ని క్రాష్ రిపోర్టింగ్ సర్వర్ అంటారు. పెద్ద కంపెనీలకే సాధ్యమని చాలామంది అనుకుంటారు. యానాంలాంటి ఊళ్ళో నలుగురు పనిచేసే ఆఫీసు కూడా సొంతంగా పెట్టుకోవచ్చని నేనంటాను. ఒక్క షరతు ఉంది. దాన్ని చేత్తో కట్టకూడదు. ఎలా కట్టాలో రాసిపెట్టి, ఆ రాతతో యంత్రం చేత కట్టించాలి.

ఇలా సాక్ష్యాలు పోగుచేయడం కంప్యూటర్లతో పుట్టిన పని కాదు. మనకు పక్కనే, యానాం నుంచి కాకినాడ వెళ్ళే దారిలో ఉన్న కోరంగి ఒకప్పుడు ఓడలు కట్టే రేవు. 1789 డిసెంబరులో ఒకసారి, 1839 నవంబరులో ఇంకోసారి తుఫాను ఉప్పెనలు దాన్ని ఊడ్చేశాయి. ఆ 1839లోనే కలకత్తాలో హెన్రీ పిడింగ్టన్ అనే మాజీ నావికుడు ఈ తుఫానుల లెక్క తేల్చాలని కూర్చున్నాడు. తుఫానులో చిక్కి బయటపడ్డ ఓడల లాగ్ పుస్తకాలు తెప్పించుకునేవాడు. ఏ గంటకు ఓడ ఎక్కడుంది, గాలి ఏ దిక్కునుంచి వీచింది, బారోమీటరు ఎంతకు దిగింది అన్నవి వాటిలో ఉంటాయి. ఒక్క పుస్తకం చూస్తే గాలి ఈశాన్యం నుంచి వీచిందని మాత్రమే తెలుస్తుంది. పది పుస్తకాల అంకెలు ఒకే పటం మీద గుర్తుపెడితే గాలి ఒక కేంద్రం చుట్టూ సుడి తిరుగుతోందని కనబడుతుంది. 1848లో నావికుల కోసం ఆయన రాసిన చేతిపుస్తకంలోనే సైక్లోన్ అన్న పేరు మొదటిసారి అచ్చయింది.

ఇందులో గమనించాల్సిన సంగతులు రెండున్నాయి. తుఫాను వచ్చాక ఎవరూ లాగ్ రాయడం మొదలుపెట్టలేదు. మామూలు రోజుల్లోనూ గంటగంటకూ రాసే అలవాటున్నందువల్ల తుఫాను నాటి అంకెలు కూడా దొరికాయి. రెండోది, మునిగిన ఓడ లాగ్ పుస్తకం ఓడతోపాటే మునిగిపోయింది. పిడింగ్టన్ చేతికి వచ్చినవి బతికిన ఓడలవి. అసలు నడిమధ్యలో ఏం జరిగిందో చెప్పాల్సిన ఓడలు చెప్పలేకపోయాయి.

కంప్యూటరు ప్రోగ్రాములకూ సరిగ్గా ఇదే చిక్కు. పడిపోతున్న ప్రోగ్రాము తన సంగతి తాను చెప్పుకోలేదు. దాని జ్ఞాపకమే చెదిరి ఉంటుంది, ఏ మాట నమ్మాలో తెలియదు. అందుకని దాని పక్కనే ఇంకో చిన్న ప్రోగ్రాము కాపలా ఉంటుంది. గూగుల్ తయారుచేసిన బ్రేక్‌ప్యాడ్ అలాంటి కాపలా పెట్టే పనిముట్టు. 2008లో వచ్చిన మొజిల్లా వారి ఫైర్‌ఫాక్స్ 3 బ్రౌజరు దీన్ని వాడుకుంది. ప్రధాన ప్రోగ్రాము కూలగానే కాపలా ప్రోగ్రాము లేచి మినీడంప్ అనే చిన్న ఫైలు రాస్తుంది. కూలిన క్షణంలో ప్రాసెసర్ రిజిస్టర్లలో ఏమున్నాయి, ఏ ఫంక్షన్ ఏ ఫంక్షన్‌ను పిలిచింది, ఏయే లైబ్రరీలు ఎక్కి ఉన్నాయి, ఆపరేటింగ్ సిస్టమ్ ఏ వెర్షన్ అన్నవి అందులో ఉంటాయి. సాధారణంగా కొన్ని వందల కిలోబైట్లు, వాట్సాప్‌లో పంపుకునే ఫొటో అంత. నెట్ ఉంటే వెంటనే, లేకపోతే మళ్ళీ తెరిచినప్పుడు అది సర్వరుకు వెళ్తుంది.

అయితే ఆ ఫైల్లో పేర్లుండవు, వట్టి చిరునామాలే ఉంటాయి. మెమరీలో ఫలానా అంకె దగ్గర పడిందని చెబుతుంది. ఆ అంకె దగ్గర ఉన్నది పన్ను లెక్కవేసే ఫంక్షనా, ప్రింటరుకు పంపే ఫంక్షనా అన్నది దానికి తెలియదు. ప్రోగ్రామును తయారుచేసిన రోజునే సింబల్ ఫైళ్ళు అని వేరేగా తీసి దాచుకోవాలి. సర్వరు ఆ రెంటినీ కలిపి చూసి అంకెలను పేర్లుగా మారుస్తుంది. సింబల్స్ దాచుకోకుండా క్రాష్ సర్వరు పెట్టిన వాళ్ళు కొందరు నాకు తగిలారు. వాళ్ళ దగ్గర డంపులు కుప్పలుగా ఉన్నాయి, ఒక్కటీ చదవడానికి రాదు.

పేర్లు తేలాక అసలు తెలివైన పని మొదలవుతుంది. కూలిన చోటి పైపై ఫంక్షన్ల పేర్లను జోడించి సర్వరు ఒక ముద్ర తయారుచేస్తుంది. సిగ్నేచర్ అంటారు. ఒకే ముద్ర ఉన్న రిపోర్టులన్నీ ఒక వరుసలోకి వస్తాయి. వెయ్యిమంది “ఆగిపోయిందండి” అన్న మాట, పన్ను ఫంక్షన్లో ఖాళీ విలువ అనే ఒక్క వరుసగా, పక్కన వెయ్యి అన్న అంకెతో తెరమీద కనబడుతుంది. 2002లో మైక్రోసాఫ్ట్ అధిపతి స్టీవ్ బామర్ తమ ఖాతాదారులకు రాసిన లేఖలో చెప్పిన లెక్క ఇప్పటికీ ఆశ్చర్యంగా ఉంటుంది. లోపాల్లో 20 శాతమే 80 శాతం పడిపోవడాలకు కారణమట. ఇంకా లోతుకు వెళ్తే ఒక్క శాతం లోపాలే సగం పడిపోవడాలకు కారణమట. 2009 నాటికి వాళ్ళ వ్యవస్థ వందకోట్ల కంప్యూటర్ల నుంచి వచ్చే రిపోర్టులను చూసుకుంటోంది. యానాం దుకాణాల లెక్క అందులో వీసమెత్తు ఉండదు. కాని సూత్రం అదే. నాలుగైదు లోపాలు దిద్దితే సగం ఫోన్లు తగ్గుతాయి.

ఈ రకం సర్వర్లలో అందరూ చూడగలిగేలా కోడ్ బయటపెట్టి నడిపినది మొజిల్లా వారి సొకోరో. న్యూ మెక్సికోలో సొకోరో అనే ఊరి దగ్గర 27 పెద్ద పళ్ళేలు కలిసి ఒకే చెవిలా ఆకాశంలోని రేడియో తరంగాలను వింటాయి. ఆ ఊరి పేరే ఈ సర్వరుకు పెట్టారు. తర్వాత రిపోర్టులు అందుకునే భాగాన్ని కొత్తగా రాసినప్పుడు దానికి యాంటెన్నా అని పేరు పెట్టారు. రేడియోలో మాట్లాడుతూ ఈ సంగతి చెప్పకుండా దాటలేకపోయాను.

సొకోరోలో నాకు నచ్చేది పని విభజన. రిపోర్టు అందుకునే భాగం ఒకటి. అది ఏమీ ఆలోచించదు. వచ్చినదాన్ని తీసుకుని, ఒక గుర్తింపు సంఖ్య ఇచ్చి, భద్రపరిచి ఊరుకుంటుంది. ఆ సంఖ్యలోని చివరి ఆరు స్థానాలూ తేదీయే. చూడగానే ఏ రోజుదో తెలుస్తుంది. విశ్లేషించే భాగం వేరు. జనానికి చూపించే వెబ్ పేజీ వేరు. విశ్లేషణ ఆగిపోయినా, పేజీ తెరుచుకోకపోయినా, అందుకునే భాగం మాత్రం ఆగకూడదు. అందుకే దాన్ని వీలైనంత చిన్నదిగా, సాదాగా ఉంచారు. రద్దీ ఎక్కువై, విడుదలైన ఫైర్‌ఫాక్స్ నుంచి వచ్చేవాటిలో పదోవంతునే విశ్లేషించిన కాలమూ ఉంది. జబ్బేమిటో తెలియడానికి ఆ పదోవంతే చాలింది.

ఇప్పుడు అసలు తంటా. ఇన్ని భాగాలున్న సర్వరును నిలబెట్టేదెలా? డేటాబేస్ కావాలి, వెతికే ఇంజను కావాలి, వెబ్ సర్వర్ కావాలి, పని వరసలో పెట్టే క్యూ కావాలి. ఒక్కోదానికీ ఫలానా వెర్షన్ ఉండాలి, ఫలానా అనుమతులుండాలి. చేత్తో కడితే ఒక తెలివైన కుర్రాడికి రెండు మూడు రోజులు పడుతుంది. కడతాడు, నడుస్తుంది. ఏం చేశాడో అతని బుర్రలో ఉంటుంది. తర్వాత అతనికి హైదరాబాదులోనో బెంగళూరులోనో ఉద్యోగం వస్తుంది. మన గోదావరి జిల్లాల సంగతి మీకు తెలియంది కాదు. సర్వరు ఇక్కడ ఉంటుంది, అది ఎలా కట్టారన్న సంగతి మాదాపూర్ వెళ్ళిపోతుంది. డిస్కు పాడైన రోజున అతనికి ఫోను చేస్తే, “గుర్తులేదండి, ఏవేవో నొక్కాను” అంటాడు. ఇదీ “ఆగిపోయిందండి” బాపతే, చెప్పేవాడు ఇంజనీరు, అంతే తేడా.

దీనికి మందు రెండు ముక్కల్లో ఉంది. మొదటిది వర్చువల్ మెషీన్. ఒక నిజమైన కంప్యూటర్లో సాఫ్ట్‌వేరుతో సృష్టించిన ఇంకో కంప్యూటర్ అది. దానికి తన వంతు మెమరీ, తన డిస్కు, తన ఆపరేటింగ్ సిస్టమ్ ఉంటాయి. లోపలి ప్రోగ్రాములకు తాము ఉన్నది బొమ్మ యంత్రంలో అని తెలియదు. ఐబీఎం 1960లలోనే పెద్ద యంత్రాల మీద ఈ పని చేసింది. 1972లో వీఎం/370 పేరుతో విడుదల చేసింది. ఇప్పుడు వర్చువల్‌బాక్స్ వేసుకుంటే మీ ల్యాప్‌టాప్‌లోనే వస్తుంది, ఉచితంగా. దీని సుగుణమేమిటంటే నిర్భయంగా చెరిపేయొచ్చు.

రెండోది ప్రొవిజనింగ్. ఖాళీ యంత్రాన్ని పనిచేసే సర్వరుగా మార్చడానికి ఏమేం కావాలో ఒక ఫైల్లో రాస్తాం. పనిముట్టు ఆ ఫైలు చదివి చేసుకుపోతుంది. ఆదేశాల వరస రాసి నడిపిస్తే చాలదా అని మీరడగొచ్చు. చాలదు. పెళ్ళింట్లో ఒకడికి “పది బిందెలు నీళ్ళు పొయ్యి” అని చెప్పడం ఒక పద్ధతి. గంగాళంలో అప్పటికే సగం నీళ్ళుంటే అవి పొంగి కారిపోతాయి. “గంగాళం నిండుగా ఉండాలి” అని చెప్పడం ఇంకో పద్ధతి. వాడు ఖాళీ ఉన్నంతే పోస్తాడు, నిండుగా ఉంటే ఊరుకుంటాడు. ప్రొవిజనింగ్ పనిముట్లు ఈ రెండో పద్ధతిలో నడుస్తాయి. ఫలానా ప్యాకేజీ ఉండాలి, ఫలానా సర్వీసు నడుస్తూ ఉండాలి, ఫలానా ఫైల్లో ఈ మాటలుండాలి అని చెప్తాం. పదిసార్లు నడిపించినా ఫలితం ఒక్కటే. సగంలో కరెంటు పోయి ఆగినా మళ్ళీ మొదలుపెట్టొచ్చు. కరెంటు సంగతి ఎండాకాలంలో మనకు ఒకరు చెప్పక్కర్లేదు.

ఈ దారి వేసినది ఓస్లోలో మార్క్ బర్జెస్. 1993లో సీఎఫ్ఇంజన్ రాశాడు. 2005లో ల్యూక్ కేనీస్ పపెట్ తెచ్చాడు. 2009లో షెఫ్, 2012లో యాన్సిబుల్ వచ్చాయి. వర్చువల్ మెషీన్‌ను ఒక చిన్న ఫైలుతో పుట్టించే వేగ్రంట్‌ను మిచెల్ హాషిమోటో 2010లో బయటపెట్టాడు. ‘వేగ్రంట్ అప్’ అంటే యంత్రం లేస్తుంది, ‘వేగ్రంట్ డెస్ట్రాయ్’ అంటే ఆనవాలు లేకుండా పోతుంది. సొకోరో వాళ్ళు కూడా ఈ వేగ్రంట్, పపెట్ ఫైళ్ళను తమ కోడ్‌తోపాటే ఇచ్చేవారు. కొత్తగా వచ్చినవాడు రోజులకొద్దీ కుస్తీ పట్టకుండా తన ల్యాప్‌టాప్‌లో చిన్న సొకోరోను లేపుకుని పనిలో దిగడానికి. ఒక విచిత్రం చూడండి, యాన్సిబుల్‌ను 2015లో రెడ్ హ్యాట్ కొన్నది, రెడ్ హ్యాట్‌ను 2019లో ఐబీఎం కొన్నది. వేగ్రంట్ సంస్థ హాషికార్ప్‌ను కూడా 2025లో ఐబీఎమ్మే కొన్నది. వర్చువల్ మెషీన్ పుట్టినింటికే ఈ రెండు పనిముట్లూ చేరుకున్నాయి.

యానాంకు వద్దాం. మనది గోదావరి పాయ గౌతమి ఒడ్డు. 1996 నవంబరు 6 రాత్రి తుఫాను తెలిసినవాళ్ళు ఇంకా ఉన్నారు. 2022 జూలైలో ధవళేశ్వరం దగ్గర 25 లక్షల క్యూసెక్కులు దాటిన వరద మన వీధుల్లోకి వచ్చింది. ఇక్కడ సర్వరును బల్లకింద పెట్టి, బల్లను నమ్ముకుని బతకలేం. రాసిన ఫైళ్ళుంటే పరిస్థితి మారుతుంది. ఆఫీసు నీళ్ళలో ఉన్నా, కాకినాడలో బంధువుల ఇంట్లో ల్యాప్‌టాప్ మీదో, ముంబైలోనో హైదరాబాదులోనో ఒక క్లౌడ్ కంపెనీ అద్దెకిచ్చే వర్చువల్ మెషీన్ మీదో, అదే సర్వరును పావుగంటలోనో అరగంటలోనో లేపొచ్చు.

ఇక్కడ చాలామంది కాలు జారేది ఒకచోట ఉంది. ఫైళ్ళు సర్వరును తిరిగి కడతాయి గాని, అప్పటివరకు వచ్చిన రిపోర్టులనూ సింబల్ ఫైళ్ళనూ తిరిగి పుట్టించవు. వాటికి బ్యాకప్ వేరేగా ఉండాలి, అదీ ఈ డెల్టా బయట ఉండాలి. ఇది కొత్త సలహా ఏమీ కాదు. 1776 జూన్‌లో ఫ్రెంచి రాజు 16వ లూయీ ఒక శాసనం చేశాడు. వలసల్లో జననాల, పెళ్ళిళ్ళ, మరణాల రిజిస్టర్లకు ఇంకో ప్రతి రాసి వెర్సాయ్‌కు పంపాలని. దూరదేశాల్లో కాగితాలు నిలవవని ఆ ఏర్పాటు. అప్పటికి యానాం ఫ్రెంచివారిది. అందుకే ఫ్రెంచి కాలం నాటి యానాం జనన మరణాల నమోదులు ఇవాళ ఫ్రాన్సులో ఎక్స్-ఆన్-ప్రొవాన్స్ అభిలేఖాగారంలో దొరుకుతాయి. గోదావరికి ఎన్ని వరదలొచ్చినా ఆ ప్రతులకు తడి తగల్లేదు.

మరో పొరపాటు, బిల్లింగ్ సర్వరున్న యంత్రంలోనే క్రాష్ సర్వరునూ పెట్టడం. ఖర్చు కలిసొస్తుందని చేస్తారు. ఆ యంత్రమే పడితే ఎందుకు పడిందో చెప్పేవాడు కూడా పడిపోయి ఉంటాడు. మునిగిన ఓడలోని లాగ్ పుస్తకమే అది. వేరే యంత్రం, వీలైతే వేరే ఊరు.

ఏ సాఫ్ట్‌వేరు వేసుకోవాలన్న ప్రశ్నకు నా జవాబు సూటిగా చెబుతాను. సొకోరోను వేసుకోకండి. దాన్ని చదివి నేర్చుకోండి. అది ఫైర్‌ఫాక్స్ అవసరాలకు అతికినట్టు కుట్టినది. సెంట్రీ మంచిది, 2008లో చిన్న ప్రోగ్రాముగా పుట్టి ఇప్పుడు మహావృక్షమైంది. సొంతంగా పెట్టుకోవాలంటే 16 జీబీ మెమరీ ఉన్న యంత్రం అడుగుతుంది. పైథాన్, పీహెచ్‌పీ, జావాస్క్రిప్ట్‌లో రాసే చిన్న సంస్థలకు గ్లిచ్‌టిప్ సరిపోతుంది. సెంట్రీకి పంపే రిపోర్టులనే ఇదీ అందుకుంటుంది, ఒక జీబీ మెమరీలో సర్దుకుంటుంది. పనిముట్టు విషయంలో, కొత్తగా మొదలుపెట్టేవాళ్ళు యాన్సిబుల్ పట్టుకోండి. అవతలి యంత్రంలో ముందుగా ఏ ఏజెంటునూ దింపక్కర్లేదు, దూరం నుంచి లాగిన్ అయ్యే ఎస్ఎస్‌హెచ్ దారి, పైథాన్ ఉంటే చాలు.

రాసిపెట్టుకుంటే చాలు, కలకాలం ఉంటుందని మాత్రం అనుకోకండి. ఫైళ్ళకూ చెదలు పడతాయి. సెంటాస్ 6 అనే ఆపరేటింగ్ సిస్టమ్ మీద కట్టేలా రాసిన ఫైళ్ళు 2020 నవంబరు దాకా బాగా నడిచాయి. ఆ నెల 30తో దాని కాలం చెల్లి, ప్యాకేజీలు పాత చిరునామా నుంచి తీసేశారు. అప్పటినుంచి ఆ ఫైలు నడిపిస్తే మొదటి మెట్టు మీదే బోర్లా పడుతుంది. సొకోరో వాళ్ళే కొన్నాళ్ళకు వేగ్రంట్ వదిలి డాకర్ అనే ఇంకో పనిముట్టుకు మారారు. హాషికార్ప్ 2023 ఆగస్టులో తన లైసెన్సు పద్ధతి మార్చేసింది. కాబట్టి రాసినదాన్ని అప్పుడప్పుడు నడిపి చూస్తూ ఉండాలి. నడపని ఫైలు మీద నాకు నమ్మకం లేదు. పాస్‌వర్డులను ఆ ఫైళ్ళలో రాయకండి. వాటిని తాళం వేసి వేరేగా ఉంచే ఏర్పాటు యాన్సిబుల్‌లోనే ఉంది.

ఇంకో సంగతి. రిపోర్టులు రావడం ఆగిపోతే మనకు సంతోషం వేస్తుంది, ప్రోగ్రాము బాగుపడిందనుకుంటాం. చాలాసార్లు జరిగేది వేరు. సర్వరు భద్రతా సర్టిఫికెట్లను ఉచితంగా ఇచ్చేవారు వాటికి కొద్దికాలం గడువే పెడతారు. చేత్తో పెట్టినవాడు మళ్ళీ పెట్టడం మరిచిపోతాడు. గడువు దాటిన రోజునుంచి ప్రోగ్రాములు సర్వరును నమ్మక రిపోర్టులు పంపడం మానేస్తాయి, తెర శుభ్రంగా కనిపిస్తుంది. అందుకే సర్టిఫికెట్‌ను దానంతటదే తిరగరాసుకునే ఏర్పాటు కూడా ఫైల్లోనే ఉండాలి. రోజుకొకసారి కావాలని ఒక నకిలీ క్రాష్ పంపి, అది చేరకపోతే మీ ఫోనుకు కబురొచ్చేలా పెట్టుకోవాలి.

మినీడంప్‌లో ప్రోగ్రాము మెమరీ ముక్కలు కూడా ఉంటాయి. ఆ ముక్కల్లో ఖాతాదారు పేరుండొచ్చు, ఫోను నంబరుండొచ్చు, ఆస్పత్రి ప్రోగ్రామైతే జబ్బు పేరే ఉండొచ్చు. ఆ ‘జ్ఞా’ గొడవలాంటిది దిద్దాలంటే తెరమీదికి ఏ అక్షరాలు వచ్చాయో ఇంజనీరుకు తెలియాలి. అదే అక్షరాలు ఒకరి సొంత ఉత్తరంలోవీ అవుతాయి. 2023లో మన పార్లమెంటు డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం చేసింది. చట్టం సంగతి అలా ఉంచినా, పక్కవాళ్ళ ఉత్తరాలు మన డ్రాయరులో పేరుకోవడం మర్యాద కాదు. అక్కర్లేని వివరాలు పంపే చోటే తుడిచేయండి, ముప్పై రోజులో తొంభై రోజులో దాటినవి వాటంతటవే పోయేలా పెట్టండి, వాడేవాళ్ళను అడిగి పంపించుకోండి. సొంత సర్వరు పెట్టుకోమని నేను చెప్పడానికి ఇదొక కారణం. ఆ ముక్కలు మన చేయి దాటి ఎవరి దగ్గరకో పోవు.

చివరగా, పిడింగ్టన్ కథలో మిగిలిన ముక్క. 1853లో ఆయన గవర్నర్ జనరల్‌కు ఉత్తరం రాశాడు. కలకత్తాకు దిగువన మాత్లా నది మీద కట్టదలచిన పోర్ట్ కానింగ్ రేవును ఏదో ఒకనాడు ఉప్పెన ముంచుతుందని. రేవు కట్టేశారు. ఆయన 1858లో పోయాడు. 1867 నవంబరులో తుఫాను వచ్చి ఆ రేవును నాశనం చేసింది. రిపోర్టు చేరింది, చదివి పట్టించుకునేవాళ్ళు లేకపోయారు. మీ సర్వరు తెరమీద మొదటి వరుసలో ఏ లోపముందో వారానికొకసారి కూర్చుని చూసే మనిషి లేకపోతే, ఇప్పటిదాకా చెప్పినదంతా వృథా ఖర్చు. ఆ మనిషి ఎవరో ముందు తేల్చుకోండి, తర్వాత సర్వరు పెట్టుకోండి.

యానాం, కాకినాడ, అమలాపురం కాలేజీల్లో కంప్యూటర్లు చెప్పే మాస్టార్లకూ, నేర్చుకునే పిల్లలకూ ఒక మనవి. ఈ వేసవిలో ఒక పాత కంప్యూటర్ మీద వర్చువల్ మెషీన్ లేపి, దానిమీద గ్లిచ్‌టిప్ దిగేలా యాన్సిబుల్ ఫైలు రాయండి. ఊళ్ళో ఏదో ఒక దుకాణం ప్రోగ్రామును దానికి కలపండి. అదంతా పనిచేశాక, జూన్‌లో వరదల కాలం మొదలవక ముందే, బ్యాకప్ తీసిపెట్టుకుని ఆ మెషీన్‌ను పూర్తిగా చెరిపేయండి. రాసిన ఫైళ్ళతో, ఆ బ్యాకప్‌తో మళ్ళీ కట్టండి, ఈసారి మొదట రాసిన పిల్లవాడు కాకుండా పక్కవాడు కట్టాలి. వాడు ఎక్కడ ఆగి ప్రశ్న అడిగాడో, ఆ జవాబును ఫైల్లో చేర్చండి.